సారు ఊకుంటేనే మాట కదిలేది

కల్లు మానినోళ్లను గుండ్రంగా కూసోబెట్టంగనే అందరి చూపు నా మీదికే వస్తది. "మీరే చెప్పుండ్రి సారూ" అంటరు. గ్రూపు నడపడం నేర్చుకోవడమంటే ముప్పాతిక వంతు ఆ చూపును పక్క కుర్చీ దిక్కు తిప్పడమే.

నిజామాబాద్ జిల్లా వర్ని చుట్టుపక్కల కల్లంటే చెట్టు మీంచి దిగిందొక్కటే కాదు. అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ సరుకు కూడా. 2015లో ఎక్సైజ్ దాడులతో అది ఆగినప్పుడు, అలవాటైన మనుషులు వణుకుతో, ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలయ్యారు. అందుకే ఉన్నపళంగా మానొద్దు. డాక్టరు చూపులో మెల్లగా తగ్గించుకోవాలి. గ్రూపు ఆ తర్వాతే.

మరి నడిపేదెవరు? మానసిక వైద్యులు మండలానికొకరు కూడా లేరు కదా! ఉగాండాలో దీనికి జవాబు దొరికింది. అక్కడ 30 గ్రామాల్లో జరిగిన పరీక్ష ఫలితాలు 2003లో వెలువడ్డాయి. వైద్యులు కాని స్థానికులకు రెండు వారాల శిక్షణ ఇచ్చి, డిప్రెషన్ ఉన్నవాళ్లతో వారానికి గంటన్నర చొప్పున 16 వారాలు గ్రూపులు నడిపించారు. ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు. చివరికి గ్రూపుల్లో 6.5 శాతం మందిలోనే ఆ జబ్బు మిగిలింది. గ్రూపు లేని ఊళ్లలో 54.7 శాతం మందిలో.

గ్రూపుకు ఏడెనిమిది మంది చాలని అమెరికా మనోవైద్యుడు ఇర్విన్ యాలమ్ అంటాడు. పదిహేనైతే అది సభే అవుతుంది, మైకు ఒక్కటే తక్కువ.

మా దగ్గర ఒకాయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డ 2015 డిసెంబరు నుంచే తన తాగుడును లెక్కేస్తాడు. ఓదార్చాలని నాలుక దురద పెడుతుంది. ఆపుకొని, "ఇట్ల ఇంకెవరికన్నా అయిందా అన్నా?" అని వలయంలోకి వదులుతాను. నిశ్శబ్దం. కొత్తగా నేర్చుకునేవాళ్లు దీనికే భయపడి ఉపన్యాసం అందుకుంటారు. ఓపిక పడితే, ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల క్యాంపు నుంచి వచ్చే పెద్దాయన గొంతు సవరించుకుంటాడు: "నాకూ అంతేనండీ, రాత్రిళ్లే కష్టం." ఇక వాళ్లిద్దరే మాట్లాడుకుంటారు.

సలహాల రాయుళ్లను మాత్రం ఆపాలి. "రేపటి నుంచి మానేయ్" అన్నవాణ్ణి "నువ్వెట్ల మానినవో చెప్పు" అని అడిగితే తన కథలోకి దిగుతాడు. అన్నిటికన్నా కష్టం గుట్టు. ఇక్కడ పక్క కుర్చీలో ఉన్నది బావమరిదే కావచ్చు. ఇక్కడి మాట గడప దాటొద్దని ప్రతి వారం మొదట్లోనే అందరితో చెప్పిస్తాను. తాగి వచ్చినవాణ్ణి ఆ రోజుకు ఇంటికి పంపి, వచ్చే వారం రమ్మంటాను. వణుకు, నిద్రలేమి కనిపిస్తే మాటలతో కాలయాపన చెయ్యను. నేరుగా డాక్టరు దగ్గరికే.