తెలివి కాపాడుతుందా?

"వాడు బాగా తెలివైనోడు, వాడికేం కాదులే!" అని ఈజీగా అనేస్తాం. సైకోసిస్ విషయంలో మాత్రం ఈ ధీమా పనికిరాదు.

సైకోసిస్ అంటే నిజానికీ భ్రమకీ మధ్య గీత చెరిగిపోవడం. ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తాయి, అందరూ తన మీద కుట్ర చేస్తున్నట్టు అనిపిస్తుంది. స్కిజోఫ్రీనియా ఈ కోవలోదే. ఎక్కువగా టీనేజ్ చివర్లో, ఇరవైల్లో, అంటే సరిగ్గా మన వయసులోనే బయటపడుతుంది.

పైకి అంతగా కనిపించనిది ఇంకోటి ఉంది. ధ్యాస, జ్ఞాపకశక్తి, ప్లానింగ్ కూడా దెబ్బతింటాయి. ఒకప్పుడు ఒక్కసారి చదివితే వచ్చేసిన చాప్టర్ ఇప్పుడు పదిసార్లు చదివినా బుర్రకెక్కదు. చూసేవాళ్లు దాన్ని బద్ధకం అంటారు.

స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో సుమారు 5 శాతం మంది ఆత్మహత్యతో చనిపోతారని అంచనా. జబ్బు మొదలైన తొలి ఏళ్లలో, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన కొత్తలో ప్రమాదం ఎక్కువ. మరి ఆలోచనాశక్తి బాగుంటే రిస్క్ తగ్గుతుందా? పరిశోధనల్లో రెండు రకాల ఫలితాలూ వచ్చాయి. ప్లానింగ్ దెబ్బతింటే కష్టం వచ్చినప్పుడు వేరే దారి తట్టదు, తొందరపాటు పెరుగుతుంది. అలాగని బాగా ఆలోచించగలిగినవాళ్లు సేఫ్ అనుకోలేం. తనకి జబ్బు ఉందని, చదువూ కెరీర్ చేజారుతున్నాయని వాళ్లకి స్పష్టంగా తెలుస్తుంది. జబ్బుని గుర్తించడం వల్లే మందులు వేసుకుంటారు, నిజమే. కానీ ఆ ఎరుకకి ఆశ తోడవకపోతే అదే నిరాశగా మారుతుంది.

ఆశకి ఆధారాలు లేకపోలేదు. స్కిజోఫ్రీనియాలో ఆత్మహత్యా ప్రయత్నాల రిస్క్ తగ్గించడానికి క్లోజపిన్ అనే మందుని అమెరికా ఎఫ్‌డీఏ 2002లోనే ఆమోదించింది. రక్తపరీక్షలు చేయించుకుంటూ డాక్టర్ పర్యవేక్షణలోనే వాడాలి. ధ్యాస, జ్ఞాపకశక్తి మెరుగుపడటానికి ప్రత్యేక శిక్షణలూ ఉన్నాయి. చికిత్స ఎంత త్వరగా మొదలైతే అంత మేలు.

మరి మనమేం చేయాలి? మార్కులు ఒక్కసారిగా పడిపోయి, గదిలోంచి బయటికి రాని ఫ్రెండ్‌ని "బద్ధకిస్టు" అనకండి. పక్కన కూర్చోండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అవునంటే ఒంటరిగా వదలొద్దు, రహస్యంగా ఉంచొద్దు. ఇంట్లోవాళ్లకి చెప్పి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. టెలీ మానస్ నంబర్ 14416: ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీకే అలా అనిపిస్తున్నా అదే నంబర్.