కోణం తప్పని రంపం

భూగర్భంలో కొయ్యకున్న విలువ గోదావరిఖని ప్రాంత ప్రజలకు చిరపరిచితమైనది. 1889లో ఇల్లందు వద్ద బొగ్గు ఉత్పత్తి ప్రారంభించిన సింగరేణి గనులు 1960వ దశకంలో రామగుండం ప్రాంతానికి విస్తరించాయి. గని పైకప్పును ఉక్కు బోల్టులతో బిగించే పద్ధతి వ్యాపించకముందు, తవ్వకుండా విడిచిన బొగ్గు స్తంభాలతోపాటు కప్పు భారాన్ని మోసినవి ప్రధానంగా కొయ్య ఊతలే. వాటిని కొలిచి, కోసి, నిలబెట్టే కార్మికుణ్ణి గనుల్లో టింబర్‌మన్ అంటారు. ఊతకొయ్య కొనను వాలుగా కోస్తే భారమంతా ఒక అంచు మీదనే పడి కొయ్య చీలిపోతుంది. తిన్నగా కోసిన కొన ఆ భారాన్ని సమంగా పంచుకుంటుంది. అక్కడ కోతలోని ఖచ్చితత్వం ప్రాణాలతో ముడివడినది.

నేలమీది వడ్రంగికి అంతటి ప్రమాదం లేకపోయినా, కొయ్య స్వభావం మారదు. గని కార్మికుడు జీవితకాలపు కష్టార్జితంతో ఇల్లు కట్టుకొని, ఎంతో వెల పోసి టేకు తెచ్చుకుంటాడు. తలుపుల బీడింగు పట్టీలు, పటాల చట్రాలు మూలలో అతకాలంటే రెండు పట్టీలనూ 45 డిగ్రీలకు కోయాలి. అటువంటి అతుకునే మైటర్ అతుకు అంటారు. ఒక చట్రానికి నాలుగు మూలలు, ఎనిమిది కోతలు. ఒక్కొక్క కోతలో అర డిగ్రీ తేడా వస్తే మొత్తం తేడా 4 డిగ్రీలవుతుంది. మూడు మూలలు కలిపినా నాలుగోది నోరు తెరుస్తుంది. 5 సెంటీమీటర్ల వెడల్పు పట్టీలో ఆ సందు ఒక చివర దాదాపు 5 మిల్లీమీటర్లుంటుంది. లప్పం పెట్టి దానిని కప్పవచ్చుగాని, ఎండకాలం గడిచేసరికి అది రాలిపోతుంది.

పూర్వం ఈ కోతకు గాట్లు పెట్టిన కొయ్యపెట్టెను, చేతిరంపాన్ని వాడేవారు. కోతకోతకూ ఆ గాట్లు అరిగి కోణం మారేది. విద్యుత్తుతో నడిచే మైటర్ రంపం ఆ లోపాన్ని తీర్చడానికే వచ్చింది. అయితే యంత్రమైనంత మాత్రాన కోణం తప్పదనుకోవడం పొరపాటు.

అంగడిలో అమ్మకందారు మొదట చెప్పేది మోటారు శక్తి. బీడింగు పనికి అది అంత ముఖ్యం కాదు. చూడవలసినవి పీఠం, కొయ్యను ఆనించే ఆనుపట్టీ, రంపపు చక్రాన్ని మోసే చేయి. పీఠం వంకర లేని పోత లోహమై ఉండాలి. ఆనుపట్టీ మీద ఉక్కు స్కేలు నిలిపితే మధ్యలో వెలుతురు కనబడకూడదు. చేతిని 45 డిగ్రీల వద్ద బిగించి ప్రక్కలకు కదిపినప్పుడు ఊగితే, ఎంత చౌకగా వచ్చినా ఆ రంపం వద్దు. ముందుకు వెనుకకు జరిగే రకం వెడల్పు పలకలనూ కోస్తుంది. కాని జారే కడ్డీలు ఎక్కువైనకొద్దీ వదులు కావడానికి అవకాశమూ ఎక్కువే. సన్న పట్టీలతో పనిచేసేవారికి జరగని రకమే మేలు.

ఇంతకంటె నమ్మదగిన పరీక్ష మరొకటి ఉంది. రెండంచులూ సమాంతరంగా ఉన్న పలకను సున్నా డిగ్రీల వద్ద కోయాలి. ఒక ముక్కను బోర్లించి, రెండింటి అంచులను స్కేలుకు ఆనించి, కోసిన కొనలను కలపాలి. రంపం సరియైనదైతే కొనలు పూర్తిగా అతుకుతాయి. లేకపోతే తేడా రెట్టింపై కనబడుతుంది. కంటికి అందని దోషాన్ని కంటికి చూపే ఉపాయమిది! కొనడానికి ముందే అంగడిలో ఈ పరీక్ష చేయించుకోవడానికి మొహమాటపడనక్కరలేదు. చక్రం మార్చినప్పుడెల్లా దీనిని మళ్లీ చేయాలి.

చక్రం సంగతీ ఉపేక్షించదగినది కాదు. పది అంగుళాల చక్రానికి 40 పళ్లుంటే వేగంగా కోస్తుంది, అంచు గరుకుగా వస్తుంది. 60 నుంచి 80 పళ్లున్నది నిదానంగా, నునుపుగా కోస్తుంది. మొండి పళ్లతో కోస్తే చక్రం వంగి, మంచి యంత్రం కూడా తప్పుడు కోణమే ఇస్తుంది. ఇక 1,800 వాట్ల మోటారు 230 వోల్టుల వద్ద దాదాపు 8 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుంది. కనుక ఇళ్లలోని 6 ఆంపియర్ల సాకెట్టు దానికి చాలదు. ఎర్తు తీగ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి.

తెలుగులో తీరని వేదనను రంపపుకోత అంటారు. వడ్రంగికి మాత్రం అదే జీవిక. ఆ మాట వాచ్యార్థంలో నిజం కాకుండా ఉండాలంటే, చక్రాన్ని కప్పే తొడుగు దానంతటదే మూసుకుంటున్నదో లేదో కొనేటప్పుడే చూడాలి. మీట వదలగానే చక్రాన్ని ఆపే బ్రేకు ఉంటే మరీ మంచిది. పనిచేసేటప్పుడు కళ్లద్దాలు, ముక్కుకు గుడ్డ అవసరం. చేతితొడుగులు మాత్రం పనికిరావు. వాటి దారం పళ్లకు చిక్కితే చేతినే లోపలికి లాగుతుంది. కోసిన ముక్కను తీయడానికి చక్రం పూర్తిగా నిలిచేవరకు ఆగాలి.