రక్తం పోతున్నా... గడ్డకట్టే ముప్పు!

మలంలో రక్తం పడిందంటే నంద్యాల, ఆళ్లగడ్డ పల్లెల్లో చాలామంది ‘వేడి చేసిందిలే’ అనుకుంటారు. లేదంటే మొలలని సరిపెట్టుకుంటారు. మజ్జిగ తాగి, కారం తగ్గిస్తారు. నాలుగు రోజుల్లో తగ్గితే సరే. వారాల తరబడి ఆగకపోతే మాత్రం అది పేగుపూత కావచ్చు.

డాక్టర్లు ఐబీడీ అనే ఈ జబ్బులో ప్రధానంగా రెండు రకాలు. అల్సరేటివ్ కొలైటిస్‌లో పెద్దపేగు లోపొర పుండ్లు పడుతుంది. క్రోన్స్ జబ్బు జీర్ణనాళంలో ఎక్కడైనా రావచ్చు. ఒకప్పుడు దీన్ని పట్నాల జబ్బనేవారు. అది పల్లెల్లోనూ కనిపిస్తోందని హైదరాబాద్‌లోని ఏఐజీ వైద్యులు 2023లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది.

చిత్రమైన చిక్కు

పేగుపూత ఉన్నవారికి ఒకపక్క రక్తం పోతుంటుంది. మరోపక్క కాళ్లలోనో, ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టే ముప్పు మామూలు వారికన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. వాపు పెరిగితే గడ్డకట్టించే ప్రొటీన్లూ పెరగడమే కారణం. అందుకే జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేరినవారికి, కాస్త రక్తం పోతున్నా సరే, గడ్డలు కట్టకుండా హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తుంటారు.

మరి ఆ ప్రొటీన్లనే మందుగా మలచుకోలేమా? గడ్డను గట్టిపరిచి గాయం మానడానికి తోడ్పడే ఫ్యాక్టర్-13ను ఐరోపాలో రోగులకు ఎక్కించి చూశారు. 1999లో వెలువడిన పరీక్ష ఫలితాల్లో ఉపయోగం కనిపించలేదు. 2007లో ఇటలీ పరిశోధకులు గడ్డకట్టడాన్ని అదుపు చేసే ‘ప్రొటీన్ సి’ని ఎలుకలకు ఇస్తే పేగు వాపు తగ్గింది.

అమెరికాలోని సెయింట్ లూయిస్ శాస్త్రవేత్తలు 2019లో మరో దారి చూపారు. 1,800 పేగు ముక్కల సమాచారాన్ని పరిశీలిస్తే, జబ్బు తీవ్రంగా ఉన్నచోట పీఏఐ-1 అనే ప్రొటీన్ ఎక్కువగా కనిపించింది. ఖరీదైన బయోలాజిక్ మందులకు లొంగని వారిలోనూ అంతే. గడ్డను కరిగించే టీపీఏకి ఇది కళ్లెం వేస్తుంది. ఆ టీపీఏ పేగులో వాపును చల్లార్చే పనీ చేస్తుంది. పీఏఐ-1ను అడ్డుకునే మందును నోటి ద్వారా ఇస్తే ఎలుకల్లో పేగు దెబ్బతినడం తగ్గింది. మనుషులకు ఇది ఇంకా చికిత్సగా రాలేదు.

ముందు జబ్బేదో తేలాలి

మన దగ్గర పేగు క్షయ కూడా అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది. క్షయను క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు వాడితే ప్రమాదం. అమీబా విరేచనాలతోనూ పొరపడవచ్చు. కొలనోస్కోపీ చేసి, చిన్న ముక్క తీసి పరీక్షిస్తేనే చాలావరకు స్పష్టత వస్తుంది.

కాబట్టి రక్త విరేచనాలు, కడుపునొప్పి, బరువు తగ్గడం వారాల తరబడి ఉంటే మందుల షాపు మాత్రలతో కాలం గడపొద్దు. రక్తం ఆగడానికైనా, పలచబడటానికైనా సొంతంగా మందులు వేసుకోవద్దు. పేగుపూత ఉన్నవారికి ఒక కాలు వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.