సీసా మీద పేరు, గోడ మీద రెంబ్రాంట్

హైదరాబాద్ మందుల కంపెనీల ల్యాబుల్లో, యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగాల్లో పనిచేసేవాళ్లకు సిగ్మా-ఆల్డ్రిచ్ సీసాలు కొత్తేమీ కావు. ఆ ఆల్డ్రిచ్ ఎవరో పెద్ద శాస్త్రవేత్త అనుకుంటే పప్పులో కాలేసినట్టే. 1951లో అమెరికాలోని మిల్వాకీలో ఆల్‌ఫ్రెడ్ బేడర్ అనే యువ కెమిస్టు, జాక్ ఐసెండ్రాత్ అనే లాయరు కలిసి కంపెనీ పెట్టారు. పేరు కోసం బొమ్మా బొరుసా వేశారు. గెలిచిన లాయరుగారు తాను చేసుకోబోయే అమ్మాయి ఇంటిపేరు పెట్టేశారు.

బేడర్ 1924లో వియన్నాలో పుట్టారు. తండ్రి యూదుడు, తల్లి క్యాథలిక్. పుట్టిన కొద్దిరోజులకే తండ్రి పోతే మేనత్త గిసెలా పెంచింది. 1938 డిసెంబరులో, హిట్లర్ బారి నుంచి యూదు పిల్లల్ని ఇంగ్లండ్‌కు చేరవేసినప్పుడు, పద్నాలుగేళ్ల ఆ కుర్రాడూ రైలెక్కాడు. మేనత్త అక్కడే ఉండిపోయింది. నాజీల తెరెసియెన్‌స్టాట్ శిబిరంలో ఆమె ప్రాణం పోయింది. 1940లో ఇంగ్లండ్ అతణ్ని శత్రుదేశస్తుల్లో జమకట్టి, ఓడలో కెనడా పంపింది. అక్కడ క్యూబెక్‌లోని ఓ పాత కోటలో బంధించారు. నాజీల నుంచి పారిపోయి వచ్చిన యూదు పిల్లాడు శత్రువట! యుద్ధకాలంలో ప్రభుత్వాల తెలివి ఇలాగే ఏడుస్తుంది.

1941లో విడుదలయ్యాక చదువు కోసం దరఖాస్తు పెడితే, యూదుల కోటా నిండిందని మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్లు అన్నారు. టొరంటో వాళ్లూ కాదన్నారు. కింగ్‌స్టన్‌లోని క్వీన్స్ యూనివర్సిటీ మాత్రం తరగతులు మొదలైపోయినా చేర్చుకుంది.

తర్వాత హార్వర్డ్‌లో పీహెచ్‌డీ, మిల్వాకీలో ఉద్యోగం, అద్దె గ్యారేజీలో వ్యాపారం. పరిశోధన రసాయనాల మార్కెట్‌లో అప్పట్లో ఈస్ట్‌మన్ కోడాక్‌దే రాజ్యం. బేడర్ ల్యాబుల చుట్టూ తిరిగి ప్రొఫెసర్లను ఏం కావాలో అడిగేవారు. కొత్త రసాయనాలు సూచించి మమ్మల్ని విసిగించండి అంటూ ప్రకటనలే ఇచ్చారు. రిటైరయ్యే ప్రొఫెసర్ల అల్మారాల్లో మిగిలిపోయిన నమూనాలను కూడా పోగుచేసి, ఎవరికి ఎప్పుడు కావాల్సివస్తుందోనని దాచారు.

పాత వర్ణచిత్రాలు కొనడంలోనూ ఆయనది అదే బుద్ధి. సంతకం లేనివి, మురికిపట్టినవి, ఎవరు వేశారో తేలనివి అంటే ఆయనకు ప్రాణం. డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ శిష్యుల్లో ఎవరి చెయ్యో పట్టుకోవడమే వేట. యూదు పిల్లలకు బైబిల్ చెప్పిన మనిషి కాబట్టి, ఆ కథల చిత్రాల మీద మక్కువ ఎక్కువ. వాటిని కంపెనీ కేటలాగు అట్టల మీద వేయించారు. అణుభారం వెతుక్కునే కెమిస్టు ముందు పదిహేడో శతాబ్దపు డచ్చి ముఖాన్ని చూడాల్సిందే. కళాపోషణ అంటే గ్యాలరీ గోడకు దాత పేరు చెక్కించుకోవడమే అనుకునేవాళ్ల కన్నా ఇది మెరుగని నాకనిపిస్తుంది.

1992లో షేర్ల లావాదేవీ మీద రేగిన వివాదంలో సొంత కంపెనీ బోర్డే ఆయన్ను సాగనంపింది. అప్పటికి వయసు అరవై ఏడు. ఆ తర్వాత బొమ్మల వ్యాపారం, దానాలే లోకమయ్యాయి. 1993లో ఇంగ్లండ్‌లోని ససెక్స్‌లో ఉన్న హెర్‌స్ట్‌మాన్సో కోటను క్వీన్స్ యూనివర్సిటీకి ఇచ్చారు. కుర్రాడిగా ఆయన్ను అరెస్టు చేసింది కూడా ససెక్స్‌లోనే.

రెంబ్రాంట్ చిత్రాలూ అదే యూనివర్సిటీకి వెళ్లాయి. 2015లో ఇచ్చినది, 1658లో వేసిన ఒక మగమనిషి బొమ్మ: నడుం మీద చేతులు పెట్టుకుని, మోచేతులు బయటికి చాచి, ఎవరడ్డమొస్తారో చూద్దాం అన్నట్టు నిలబడి ఉంటాడు. రెంబ్రాంట్ దివాలా తీసిన రెండేళ్లకు వేసిన బొమ్మ అది. బేడర్ 2018లో, 94 ఏళ్ల వయసులో కన్నుమూశారు.