రాలే పొట్టు కాదు, గాలిలో తేలే చెక్క దుమ్ముతోనే ప్రమాదం

అనంతపురం దాటి బెంగళూరు వైపు 44వ జాతీయ రహదారిలో కాస్త దూరం పోతే రాప్తాడు వస్తుంది. వానలు తక్కువ, గాలి ఎక్కువ. సేద్యం కలిసిరాక పిల్లల్ని ఉస్తాద్ దగ్గర కార్పెంటర్ పనికి పెట్టే ఇళ్లు ఇలాంటి చోట్ల మామూలే. సాయంత్రం తల మీద, కనుబొమల మీద తెల్లటి పొడితో ఇంటికొస్తారు. దులుపుకుంటే పోతుందిలే అనుకుంటారు. దులిపితే పోయేది బట్టల మీదిదే, లోపలికి పోయింది పోదు.

ఏం చేస్తుంది?

రంపం కోసినప్పుడు రాలే పొట్టు బరువుగా నేల మీద పడుతుంది. సాండింగ్ మిషన్ పట్టినప్పుడు లేచే సన్నని పొడి మాత్రం గాలిలో చాలాసేపు తేలుతుంది. అది కొంత ముక్కులో, సైనస్‌లలో పేరుకుంటుంది. ఇంకా సన్నది ఊపిరితిత్తుల దాకా పోతుంది. తుమ్ములు, దగ్గు, చర్మం మీద దురద, చివరికి ఆస్తమా రావచ్చు. ఎండీఎఫ్, ప్లైవుడ్ కోస్తే జిగురులోని ఫార్మాల్డిహైడ్ కూడా తోడవుతుంది.

ఇంగ్లండ్‌లో కుర్చీల తయారీకి పేరుపడ్డ హై వికోంబ్ పట్టణంలో, ఫర్నిచర్ పనివాళ్లకు ముక్కు లోపల అరుదైన క్యాన్సర్ ఎక్కువగా రావడాన్ని 1960లలో ఎస్మీ హాడ్‌ఫీల్డ్ అనే ఈఎన్‌టీ సర్జన్ గమనించారు. తర్వాత 1995లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క దుమ్మును మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. ఈ క్యాన్సర్ అరుదే. కానీ పని మొదలుపెట్టిన ఎన్నో ఏళ్లకు, ఒక్కోసారి పని మానేశాక కూడా బయటపడుతుంది.

మాస్క్ ఒక్కటే చాలదు

ముఖానికి కట్టుకునే రుమాలు సన్నని దుమ్మును ఆపలేదు. ఎన్95 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్క్ ఆపుతుంది, అయితే అది చర్మానికి గట్టిగా అతుక్కోవాలి. గడ్డం ఉంటే అంచుల్లో సందు మిగిలి, దుమ్ము అక్కడి నుంచే లోపలికి పోతుంది. గడ్డం ఉన్నవాళ్లకు బ్యాటరీ ఫ్యాన్‌తో గాలిని వడకట్టి ముఖం మీదకు పంపే వదులు హుడ్‌లు ఉన్నాయి కానీ ఖరీదు ఎక్కువ. అందుకే దుమ్మును పుట్టిన చోటే పట్టడం ముఖ్యం. 2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ కూడా, దుమ్ము లేచే చోటికి వీలైనంత దగ్గరగా దాన్ని లాగేసే ఏర్పాటు ఉండాలనే చెప్పింది. ఇద్దరు ముగ్గురు పనిచేసే షెడ్లకు ఆ చట్టం వర్తించకపోయినా, పద్ధతి అదే.

చిన్న షెడ్‌లో చేయగలిగినవి:

• సాండింగ్ మిషన్‌కు, కటింగ్ మిషన్‌కు దుమ్ము లాగే వాక్యూమ్ గొట్టం తగిలించాలి. మిషన్‌తో వచ్చే సంచి నిండకముందే ఖాళీ చేయాలి.

• ఆరుబయట పని చేస్తే గాలి పక్క నుంచి వీచేలా నిలబడాలి. దుమ్ము కొట్టుకుపోయే వైపు పిల్లలు, ఇంటి వాకిలి ఉండకూడదు.

• పొడి చీపురుతో ఊడ్చకూడదు, కంప్రెసర్ గాలితో బట్టలు, బల్లలు ఊదకూడదు. వాక్యూమ్ వాడాలి, లేదా నీళ్లు చిలకరించి ఎత్తాలి.

• దుమ్ము దగ్గర బీడీ, సిగరెట్ వద్దు. గాలిలో దట్టంగా లేచిన చెక్క పొడి నిప్పురవ్వకే భగ్గుమంటుంది.

• పని బట్టలు షెడ్‌లోనే మార్చుకోవాలి. ఇంట్లో దులిపితే ఆ దుమ్ము ఉతికే ఆడవాళ్లు, పిల్లలు పీలుస్తారు.

డాక్టరుకు ఏం చెప్పాలి?

సెలవు రోజు తగ్గి, పనికి పోగానే మళ్లీ వచ్చే దగ్గు, పిల్లికూతలు పని వల్లేనేమో అని అనుమానించాలి. ముక్కు ఒకవైపే వారాల తరబడి మూసుకుపోయినా, రక్తం పడుతున్నా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోవాలి. అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో ఆ విభాగం ఉంది. డాక్టరు అడగకపోయినా, ఎన్నేళ్లు చెక్క పని చేశారో చెప్పాలి. అబ్బా పని మానేసి పదేళ్లయినా సరే, ఆ ఒక్క మాట ఇంట్లోవాళ్లు మరచిపోకూడదు.