పురుగుకు మూడు మేతలు, మరి మనకు?

ఈసారి గూళ్ల రేటు సంగతి కాదు, మన ఇంటి కూటి సంగతి మాట్లాడుకుందాం.

పొదటూరుపేటలో తెలుగు మాట్లాడితే చాలు, "మీరు ఆంధ్రా నుంచి ఎప్పుడొచ్చినారు?" అని అడిగేవాళ్లు ఉన్నారు. మేం ఎక్కడి నుంచీ రాలేదు. మా తిరుత్తణి తాలూకా ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న మదరాసు రాష్ట్రంలో కలిసింది. అప్పుడు చెంగల్పట్టు జిల్లావాళ్లం అయినాం, 1997లో తిరువళ్లూరు జిల్లావాళ్లం. మా అవ్వ ఒకే పొయ్యి దగ్గర కూర్చుని మూడు జిల్లాలు చూసింది. హద్దు మారింది గానీ సంగటి గెలికే తెడ్డు మారలేదు.

చలికాలం అనపకాయలు వస్తే ఇంటిల్లిపాదీ కూర్చుని గింజలు ఒలుస్తాం. నానబెట్టి, తొక్క పితికి, పితికిపప్పు పులుసు కాస్తాం. వేడి రాగిసంగటి నడుమ గుంట చేసి ఆ పులుసు పోసుకుంటే ఇంకేం కావాల? పక్కింటి తమిళ అక్క ఆడి నెలలో కూళు కాస్తే మాకో చెంబు వస్తుంది. మా ఊరిబిండి వాళ్లింటికి పోతుంది. మా పిల్లలు "అవ్వా, కొంచెం కుళంబు పొయ్యి" అంటారు. తెలుగు చదవడం రాకపోయినా తిండి పేర్లు మాత్రం రెండు భాషల్లోనూ వచ్చు.

ఇంక అసలు మాట. పురుగు తన జీవితంలో తినే ఆకులో నూటికి 80 పాళ్ల పైనే నాలుగో జ్వరం లేచినాకే తింటుంది. ఆ ఏడెనిమిది రోజులు ఇల్లు ఇల్లుగా ఉండదు. తెల్లారకముందే కొమ్మలు కోయాల, మోయాల, పరచాల, సున్నం చల్లాల. పోయిన పంటలో సరిగ్గా ఆ రోజుల్లోనే మా వదిన మల్బరీ తోటలో కళ్లు తిరిగి పడిపోయింది. ఏం తిన్నావని అడిగితే, పొద్దున కాఫీ తాగినాను అంతే అనింది. అప్పటికి పురుగులకు రెండు మేతలు అయిపోయినాయి. పురుగు ఆకలి అందరికీ కనిపించింది, ఆమె ఆకలి ఎవరికీ కనిపించలేదు. మాకు సిగ్గేసింది.

అవ్వ ఆ రాత్రి పాత పద్ధతి గుర్తు చేసింది. వాళ్ల కాలంలో నాట్లప్పుడు, కోతలప్పుడు రెండిళ్లకు ఒకే కుండ. ఒకరి చేను పనికి ఇంకొకరి పొయ్యి. ఈ పంటకు మేమూ అదే చేసినాం. నాలుగో జ్వరం లేచిన రోజు నుంచి గూడు కట్టేదాకా మధ్యాహ్నం కూడు పక్కింటి అక్కది. ఆమె మగ్గం పని ఎక్కువగా ఉండే రోజుల్లో మాది. ఇంట్లో మగవాళ్లు రాత్రే సంగటి కెలికి, కొంచెం నీళ్లలో వేసి పెడతారు. పొద్దున మజ్జిగ, ఎర్రగడ్డ ఉంటే చాలు. అందరూ తిన్నాకనే రెండో మేత. ఇదే మా ఇంటి చట్టం.

అయితే ఒక జాగ్రత్త. కూడు తెచ్చేవాళ్లు వాకిట్లోనే ఇచ్చి పోవాల, షెడ్డులోకి రాకూడదు. రోగం కాళ్లతోనే వస్తుంది. షెడ్డు దగ్గర పొయ్యి, బీడీ, దోమల బత్తి వద్దు. బ్లీచింగు, సున్నం ముట్టిన చేతులు సబ్బుతో కడగకుండా కంచం ముట్టొద్దు. ఆ మందులు కలిపిన బకెట్టు వంటింట్లోకి రానేకూడదు.

వదిన ఇప్పుడు బాగుంది. మొన్న చంద్రికల మీదికి పురుగులు ఎక్కించినాక అందరికంటే ముందు ఆమెకే వడ్డించినాం. "ఏందీ మర్యాద!" అని నవ్వింది.

మీ ఇంట్లో ఆ ఎనిమిది రోజులు వంట ఎవరు చేస్తారు, ఆఖర్న ఎవరు తింటారు? ఒకసారి చూసుకోండి. మీ అవ్వల కాలం పద్ధతులేమైనా ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. చదవడం రాని పిల్లలు కూడా వింటారు.