ఒక సంగతి – ఒకే చోట

డేటాబేసు అను మాట నేడు బ్యాంకు గుమాస్తా మొదలు రేషను దుకాణదారు వరకు అందరి నోటను వినబడుచున్నది. కాని అది యెట్టిదో, దానిని కళాశాలలో ఎట్లు బోధింతురో తెలిసికొనవలెనను కోరిక సామాన్య పాఠకునకు కలుగుట అరుదు. ఇంజనీరింగు కళాశాలలో ఆ శాస్త్రమును బోధించు మిత్రులొకరు, "ఒకనాడు వచ్చి మా తరగతిలో వెనుక బల్లపై కూర్చుండుడు, మీకే తెలియును" అని ఆహ్వానించిరి. వెళ్లితిని.

అది సంవత్సరమునకు తొలి తరగతి. హాజరు పిలుచుచు ఆయన "కె. లక్ష్మి" అనగానే ఇద్దరు బాలికలు ఒక్కసారిగా "ప్రెజెంట్ సార్" అనిరి. తరగతి గొల్లున నవ్వినది. ఆయన నవ్వలేదు.

"వీరిలో ఒకరికి ఉపకారవేతనము మంజూరైనదనుకొనుడు. సొమ్ము ఎవరి ఖాతాలో పడవలెను?" అని అడిగిరి. నవ్వు ఆగిపోయినది. "పేరు మనిషిని పిలుచుటకు చాలును, గుర్తించుటకు చాలదు. అందులకే మీలో ప్రతి ఒక్కరికి ఒక హాల్‌టికెట్ నంబరున్నది. అట్టి గుర్తునే మా శాస్త్రములో ప్రైమరీ కీ అందుము. ఒకరిది మరొకరికి ఉండరాదు; అది లేని వరుస పట్టికలోనే ఉండరాదు." ఆ విధముగా మొదటి పాఠము హాజరుపట్టీలో నుండియే పుట్టినది.

పిదప నల్లబల్లపై ఒక పట్టిక గీచిరి. విద్యార్థి నంబరు, పేరు, చదువు సబ్జెక్టు, దానిని చెప్పు అధ్యాపకుని పేరు, ఆయన ఫోను నంబరు – అన్నియు ఒకే వరుసలో చూడ ముచ్చటగా నున్నవి.

"ఈ సబ్జెక్టును 60 మంది చదువుచున్నారు. అధ్యాపకుడు ఫోను నంబరు మార్చినాడు. ఎన్నిచోట్ల దిద్దవలెను?"

"60 చోట్ల సార్."

"59 చోట్ల దిద్ది ఒకచోట మరచితిమి. ఇప్పుడు ఏది నిజము?"

ఎవరును పలుకలేదు. చిక్కులు అంతటితో తీరవు. ఇంకను ఎవరును చేరని క్రొత్త సబ్జెక్టును ఆ పట్టికలో వ్రాయుటకు తావే లేదు. ఒక సబ్జెక్టున ఉన్న ఒక్క విద్యార్థియు మానివేసినచో, అతని వరుసతోబాటు ఆ సబ్జెక్టు ఊసే మాసిపోవును. దీనికి మందు పట్టికను విడదీయుట. విద్యార్థులకొకటి, సబ్జెక్టులకొకటి, అధ్యాపకులకొకటి, ఎవరు ఏది చదువుచున్నారో తెలుపుటకు ఇంకొకటి. ఒక సంగతి ఒకే చోట నుండవలెను. కావలసిన తక్కిన చోట్ల దాని గుర్తు మాత్రమే ఉండవలెను. నార్మలైజేషన్ అను పెద్దపేరుగల పాఠమునకు సారమిదియే.

ఈ పద్ధతికి ఆద్యుడు ఎడ్గర్ కాడ్. 1923లో ఇంగ్లండులో జన్మించి, అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన ఈయన 1970లో ప్రకటించిన ఒక వ్యాసము ఈ శాస్త్రపు నడకనే మార్చివేసినది. అంతకు పూర్వము సమాచారము కావలసినవాడు అది యంత్రములో ఏ దారిన దాగియున్నదో తెలిసికొని, ఆ దారివెంట తానే నడువవలసి యుండెను. సమాచారమును పట్టికలుగా అమర్చవచ్చుననియు, ఏమి కావలెనో చెప్పిన చాలుననియు, దారి వెదకు భారము యంత్రమునదే యనియు కాడ్ నిరూపించెను. ఆ సంస్థలోనే చాంబర్లిన్, బాయిస్ అను ఇరువురు 1974లో వెలువరించిన భాషయే నేటి ఎస్.క్యు.ఎల్. కాడ్‌కు 1981లో ట్యూరింగ్ పురస్కారము లభించినది.

గంట మ్రోగుటకు ముందు మిత్రులు తమ నియమములను వినిపించిరి. పాఠము ముందుగా చదివి రావలెను. కంప్యూటరును ముట్టుకొనుటకు ముందు, ఏయే వస్తువులను గూర్చి వ్రాయుచున్నామో, వాని నడుమ సంబంధమేమో కాగితముపై బొమ్మ గీయవలెను. సందేహమడుగుట తప్పుగాదు. ప్రయోగశాల రికార్డును మాత్రము ఒకరిది చూచి మరొకరు వ్రాయరాదు.

ఒక బాలుడు లేచి, "సార్, ఇప్పుడు కృత్రిమ మేధను అడిగినచో క్షణములో అంతయు వ్రాసి ఇచ్చుచున్నది గదా!" అనెను.

ఆయన కోపగించుకొనలేదు. కంప్యూటరు తెరపై 60 మంది విద్యార్థుల పట్టికను, 6 సబ్జెక్టుల పట్టికను చూపి, వానిని కలుపు నిబంధన వ్రాయకయే రెంటిని కలుపుమని ఆజ్ఞ ఇచ్చిరి. 360 వరుసలు వచ్చినవి. ప్రతి విద్యార్థియు ప్రతి సబ్జెక్టును చదువుచున్నట్లున్నది! "యంత్రము ఇది తప్పని చెప్పినదా?" పిదప అభ్యాసమునకై ఉంచిన నకలు పట్టికలో, ఎవరిని తొలగింపవలెనో చెప్పకుండ, తొలగింపుమని మాత్రమే వ్రాసిరి. 60 వరుసలును మాయమైనవి. "యంత్రము ఎదురు ప్రశ్న వేయదు, చెప్పినది చేయును. ఎవరు వ్రాసి ఇచ్చినను సరే, ప్రతి పంక్తియు ఎందుకున్నదో నాకు చెప్పగలిగిననే మార్కులు" అని ముగించిరి.

విద్యార్థులు వెడలిపోయిరి. ఆ లక్ష్ములలో ఒకతె మాత్రము నిలిచి, మెల్లగా, "సార్, నా పేరు పదవ తరగతి సర్టిఫికెట్టులో ఒక తీరుగా, ఆధార్ కార్డులో మరొక తీరుగా పడినది. నిరుడు నా ఉపకారవేతనము ఆగిపోయినది. మా నాన్న కూలి పని మానుకొని ఆఫీసుల చుట్టు తిరిగినాడు. ఆ పట్టికలు తయారుచేసినవారు ఈ పాఠము చదువలేదా సార్?" అని అడిగినది.

ఆయన కొంత తడవు మాటాడలేదు. "చదివియే యుందురమ్మా. రికార్డు మాత్రము పక్కవానిది చూచి వ్రాసియుందురు" అనిరి.

ఆ బాలిక నవ్వలేదు. బల్లపై క్రొత్త రికార్డు పుస్తకమును తెరచి, మొదటి పుటలో తన పేరును, దాని క్రింద నంబరును, ఒక్కొక్క అక్షరమే సరిచూచుకొనుచు వ్రాసికొనుచుండెను.